కకాడుకి అమ్మానాన్నలతో: చిన్న కారు, మోకాళ్ల నొప్పులు, మొసళ్లు. వెళ్లొచ్చా?

ఆకివీడు_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మేం అడిలైడ్‌లో ఉంటాం. అమ్మా నాన్నగారూ జూన్ ఆఖర్న వస్తున్నారు. జులైలో పిల్లల సెలవులకి ఈ చలి తప్పించుకుని డార్విన్ వైపు వెళ్దామని ఆలోచన.

నాన్నగారికి ఆకివీడు దగ్గర చేపల చెరువులు. పోయినసారి సిడ్నీ, మెల్‌బోర్న్ అన్నీ తిప్పాను. అన్నిటికీ "బానే ఉందిరా" అన్నారు. ఎక్కడో ఒడ్డున గూడబాతులు కనిపిస్తే మాత్రం ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. అందుకే ఈసారి అక్కడి కకాడు నేషనల్ పార్కు అనుకున్నా. కానీ డార్విన్‌లో ఉన్న మా ఫ్రెండ్ "అంత దూరం ఎందుకురా, లిచ్‌ఫీల్డ్‌లో జలపాతాలు చూసి వచ్చెయ్యండి, కకాడులో ఏముంది, గడ్డీ రాళ్లూ" అంటున్నాడు.

నా సందేహాలు ఇవీ. మామూలు చిన్న కారుతో కుదురుతుందా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ ఎక్కలేరు. అమ్మ మాంసం, చేప మానేసి చాలా ఏళ్లయింది, గుడ్డు కూడా ముట్టదు. మొసళ్లంటే ఆవిడకి ఇప్పటినుంచే భయం. ఇంకోటి, అక్కడి ఆదివాసులు రాళ్ల మీద వేసిన ఆ బొమ్మల గురించి నాకే ఏమీ తెలీదు. నాన్నగారు ప్రతిదీ "ఇదేంటి, ఎందుకు వేశారు" అని అడుగుతారు. ఏం చెప్పాలి?

పాలకొల్లు_టు_డార్విన్:

తమ్ముడూ, మీ ఫ్రెండ్ కచ్చితంగా ఒక్క రోజులో వెళ్లొచ్చేసిన బాపతు. డార్విన్ నుంచి పార్కు లోపలున్న జబిరు ఊరు సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి, ఎండ నెత్తికెక్కే వేళకి చేరి, రెండు ఫొటోలు దిగి, చీకటి పడకముందే వెనక్కి తిరిగితే కనిపించేది గడ్డీ రాళ్లే మరి. ఆ పార్కు దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పుగోదావరి, కృష్ణా జిల్లాలు రెండూ కలిపినంత ఉంటుంది. నేను ఇక్కడ ఫార్మసీలో పనిచేస్తూ వచ్చిన చుట్టాలందర్నీ అక్కడికి తిప్పే మనిషిని కాబట్టి చెబుతున్నా, మూడు రాత్రులకి తగ్గితే వెళ్లకండి. రెండు రాత్రులు జబిరులో, ఒకటి కూయిండాలో పెట్టుకోండి. జులై అంటే అక్కడ బాగా గిరాకీ, గదులు ఇప్పుడే పట్టుకోవాలి.

కారు గురించి భయం వద్దు. ఆర్నమ్ హైవే, కకాడు హైవే, రాతి బొమ్మలున్న ఉబిర్, బురుంగ్‌కుయ్ (పాత మ్యాపుల్లో నూర్లాంజీ అని ఉంటుంది), కూయిండా, అన్నిటికీ తారు రోడ్డే. జిమ్ జిమ్, ట్విన్ జలపాతాలు మాత్రం మర్చిపోండి. వాటికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి, ఆ పైన బండరాళ్ల మీద పాకుతూ వెళ్లాలి, నాన్నగారి మోకాళ్లకి అది శిక్ష. అద్దె కారు కాగితం మాత్రం చదువుకోండి. ఇక్కడ చాలా కంపెనీలు రోజుకి ఇన్నే కిలోమీటర్లని పరిమితి పెడతాయి, ఊరు దాటాక రాత్రిపూట నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదంటాయి. ఊరికే కాదు, చీకటి పడ్డాక వాలబీలు (చిన్న కంగారూలు) రోడ్డు మీదికి దూకుతాయి.

ఇక నాన్నగారి సంగతి. కూయిండా దగ్గర యెల్లో వాటర్ అని ఒక బిల్లబాంగ్ ఉంది, అంటే ఏటి నుంచి విడిపోయి నిలిచిపోయిన మడుగు. తెల్లవారుజామున మొదటి పడవ టికెట్లు తీసుకోండి. మధ్యాహ్నం పడవ చవకని దానికి వెళ్లకండి, ఆ ఎండలో పిట్టలూ ఉండవు, మీకూ ఓపిక ఉండదు. పొద్దున ఐతే నీళ్ల మీద పొగలాంటి మంచు, ఆ మంచులోంచి తామరలు. అవును, మన తామరే, నాటింది కాదు, అక్కడ దానంతటదే పెరుగుతుంది. పొడుగు వేళ్లతో ఆకు మీంచి ఆకు మీదికి నడుచుకుంటూ పోయే పిట్ట ఒకటుంటుంది, దాని పిల్లల్ని మోసేది మగపిట్టే, రెక్కల కింద ఇరికించుకుని కాళ్లు వేలాడేసుకుని పోతుంది. గూడబాతులు, నల్లమెడ కొంగ (జబిరు అని ఊరికి పేరొచ్చింది దీన్నిబట్టే), తెల్లపొట్ట సముద్రపు గద్ద, నలుపూ తెలుపూ బాతులూ. ఆస్ట్రేలియాలో ఉన్న పక్షి జాతుల్లో మూడో వంతు ఈ ఒక్క పార్కులో కనిపిస్తాయి. కొల్లేరు ఒడ్డున పుట్టిన మనిషికి ఇంతకంటే ఏం చూపిస్తారు?

మొసళ్లు ఆ పడవ పక్కనే పడుకుని ఉంటాయి, అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. 1971లో ఇక్కడ ఉప్పునీటి మొసళ్ల వేట ఆపేసేనాటికి ఈ నార్తర్న్ టెరిటరీ (డార్విన్, కకాడు ఉన్న ప్రాంతం) మొత్తంలో మిగిలినవి 3,000 దాకానేనట, ఇప్పుడు లక్ష పైమాటే. కాబట్టి పాత కాలం సినిమాల్లోలాగా ఏటి ఒడ్డున కూర్చుని కాళ్లు కడుక్కోవడాలు లేవు. పిల్లల్ని అంచుకి వెళ్లనివ్వద్దు. ఈస్ట్ ఆలిగేటర్ నది మీద కేహిల్స్ క్రాసింగ్ అని ఉంది (రెండు వందల ఏళ్ల కిందట వచ్చిన ఓ కెప్టెన్ మొసళ్లని చూసి ఆలిగేటర్లనుకుని పెట్టిన పేరు, ఈరోజుకీ మార్చలేదు). అక్కడికి సముద్రపు పోటు తగులుతుంది. పోటు ఎక్కేటప్పుడు చేపలు నీళ్లతోపాటు రోడ్డు దాటి ఎగువకి వస్తుంటే మొసళ్లు వరసగా నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పోటు వేళ కనుక్కుని వెళ్లండి. పైన కట్టిన ప్లాట్‌ఫాం మీంచి చూడాలి, నీళ్ల దగ్గరికి దిగకూడదు. ఆ అవతలి ఒడ్డు ఆర్నమ్ ల్యాండ్, ఆదివాసుల సొంత నేల, పర్మిట్ లేకుండా దాటకూడదు. అక్కడే గులుయంబి అని ఇంకో పడవ నడుస్తుంది, నడిపేవాళ్లు ఆ నేల మనుషులే. ఈటె విసరడం చూపిస్తారు, ఏ చెట్టు దేనికి పనికొస్తుందో చెబుతారు. వీలుంటే అది వదులుకోవద్దు. మీ నాన్నగారు అడిగే ప్రశ్నలకి నాకంటే, మీ గూగుల్ కంటే వాళ్లే సరైనవాళ్లు.

బొమ్మల దగ్గరికి వస్తున్నా, అసలు రాయాలనుకున్నది ఇదే. ఉబిర్‌లో మెయిన్ గ్యాలరీ అని ఒక పెద్ద రాతి చూరు ఉంది. అక్కడిదాకా దారి చదునుగానే ఉంటుంది, మెల్లగా నడిస్తే నాన్నగారికి ఇబ్బంది లేదు. తల ఎత్తితే పైన వరసగా చేపలు. ఏ చేప అనుకున్నారు? బారమండి. అంటే మన పండుగప్ప, అదే జాతి. ఊరికే ఆకారం గీసి వదల్లేదు. వెన్నుముల్లు, లోపలి గాలితిత్తి, పేగులు, అన్నీ చీల్చి చూపించినట్టు వేశారు. ఎక్స్‌రే పద్ధతి అంటారు దాన్ని. చేప కోసిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి అలా వెయ్యలేదు. మా నాన్న కూడా చేపల మనిషే. ఆ రాయి కింద నిలబడి నాకు వేలితో చూపిస్తూ ఏ భాగం ఏదో చెప్పుకుంటూ పోయారు, పక్కనున్న జర్మనీ వాళ్లు గైడు అనుకుని చేరారు.

అక్కడికి కాస్త అవతల మబుయు బొమ్మ ఉంది. దాని కథ మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి. మబుయు పట్టిన చేపల్ని తాడుకి గుచ్చి ఈడ్చుకుపోతుంటే ఒకడు వెనకనుంచి తాడు కోసి దొంగిలించాడు. ఆ రాత్రి దొంగలంతా గుహలో చేరి ఆ చేపలు తినేదాకా ఆగి, మబుయు పెద్ద బండ తెచ్చి గుహ మూసేశాడు. మర్నాడు ఎవరూ బయటికి రాలేదు. దొంగతనం చెయ్యొద్దని పిల్లలకి చెప్పే కథ ఇది. చెరువుల దగ్గర రాత్రి కాపలా పెట్టుకునే మనిషికి వేరే వివరణ అక్కర్లేదు!

ఎందుకు వేశారు అంటే ఒక్క జవాబు లేదు. కొన్ని వేట గురించి, కొన్ని ధర్మం గురించి, కొన్ని ఊరికే సరదాకి. ఎర్రరంగు ఇనుప రాయి పొడి, అది రాతిలోకి ఇంకిపోతుంది కాబట్టి పాతవన్నీ ఎరుపే. తెలుపు సుద్దమట్టి, అది రాలిపోతుంది. చాలాసార్లు బొమ్మ కన్నా వెయ్యడమే ముఖ్యం, అందుకే ఒకదాని మీద ఒకటి వేస్తూ పోయారు. ఉబిర్‌లోనే ఒకచోట థైలసీన్ ఉంది, చారల వీపుతో కుక్కలాంటి జంతువు. ఆస్ట్రేలియా పెద్ద భూమ్మీద అది అంతరించి రెండు వేల ఏళ్ల పైనే అయింది, అంటే బొమ్మ అంతకు ముందుదే. ఇంకోచోట పంట్లాం జేబుల్లో చేతులు పెట్టుకున్న తెల్లవాడు. అది గేదెల వేటకి వచ్చినవాళ్ల కాలం, మొన్నమొన్నటిది. ఇక బురుంగ్‌కుయ్‌లో మీరు చూసే పెద్ద బొమ్మల్లో కొన్ని 1960ల్లో నాయంబోల్మి అనే పెద్దాయన వేసినవి. "పురాతనమైనవి" అని గంభీరంగా చూసేసి వచ్చేవాళ్లకి ఇది చెప్పినా నమ్మరు.

ఒక మాట. గైడు కథ చెప్పి మధ్యలో ఆపేస్తే గుచ్చి గుచ్చి అడగకండి. ఉత్తరాన బినింజ్, దక్షిణాన ముంగుయ్ అంటారు ఆ నేలవాళ్లని. వాళ్లలో కొన్ని కథలు కొందరే చెప్పాలి, కొందరే వినాలి. బయటివాళ్లకి చెప్పదగ్గంత చెబుతారు. బొమ్మల్ని ముట్టుకోకూడదు, వేలి నూనె కూడా పాడుచేస్తుంది. మనుషుల్ని అడక్కుండా ఫొటో తియ్యకూడదు, ఇది ఎక్కడైనా అంతే అనుకోండి.

ఉబిర్ పైన నడబ్ అని గుట్ట ఉంది. సూర్యాస్తమయానికి అందరూ ఎక్కేది దాన్నే, దూరం తక్కువే కానీ చివర్లో రాతి మీద ఎక్కుడు. మీరూ పిల్లలూ ఎక్కండి, అమ్మానాన్నలు కింద బొమ్మల దగ్గర కూర్చుంటారు, వానల్లేని ఈ నెలల్లో రేంజర్లు అక్కడే మాట్లాడతారు కూడా, టైమింగులు బోవాలి విజిటర్ సెంటర్లో రాసి పెడతారు.

దారిలో అక్కడక్కడ నేల నల్లగా కాలి ఉంటుంది, పొగ కనిపిస్తుంది, కంగారు పడొద్దు. వాళ్ల లెక్కలో ఏడాదికి ఆరు కాలాలు. జులై అంటే వుర్గెంగ్, చల్లటి పొడి కాలం. ఆ రోజుల్లో కావాలనే ముక్కలు ముక్కలుగా గడ్డి కాలుస్తారు, తర్వాత ఎండలు ముదిరాక పెద్ద మంట అంటుకోకుండా. మంట అంచున గద్దలు చక్కర్లు కొడుతుంటే ఆగి చూడండి, పారిపోయే మిడతల కోసం.

తిండి: జబిరులో సూపర్‌మార్కెట్, బేకరీ ఉన్నాయి, కానీ అమ్మగారికి హోటల్లో దొరికేది చిప్సూ సలాడే. వంటగది ఉన్న క్యాబిన్ తీసుకోండి. ఆదివారం డార్విన్‌లో ఉంటే రాపిడ్ క్రీక్ సంతకి వెళ్లండి, బెండకాయలు, కాకరకాయలు, కరివేపాకు, అన్నీ తాజాగా దొరుకుతాయి. చిన్న కుక్కర్ మూటలో పెట్టుకుంటే సరి. దోమల మందు మర్చిపోయారో, యెల్లో వాటర్ మీకు వేరే కారణానికి గుర్తుండిపోతుంది.

కరీంనగర్_బ్రిస్బేన్:

అక్క మంచిగ చెప్పింది గని ఒక్క విషయంల నేను ఒప్పుకోను. అందరు జులై జులై అంటరు. మేము ఫిబ్రవరిల పోయినం. అప్పుడు వాళ్ల లెక్కల గుడ్జెవ్, అసలు వానకాలం. నిజమే, మాగెల వాగు పొంగి ఉబిర్ తొవ్వ బందైంది, బొమ్మలు సగమే చూసినం. కనీ బురుంగ్‌కుయ్ పోగలిగినం. అక్కడ నామర్కొన్ అని పిడుగుల దేవుడు ఉంటడు, తలకాయ నుంచి కాళ్ల దాక చుట్టూ మెరుపు పట్టీ, మోకాళ్లకు మోచేతులకు రాతి గొడ్డళ్లు, వాటితోనే మబ్బుల్ని కొడితే ఉరుము. ఆయన ముంగట మేం నిలవడ్డప్పుడే మీదంగ ఉరిమింది, మా చిన్నోడు నా చెయ్యి ఇడువలే. చిన్న విమానంల జిమ్ జిమ్ మీదికెల్లి చూసినం, వానల్లేని కాలంల సన్నగ కారేదంట, అప్పుడైతే కొండంత తెల్లగ దుంకుతున్నది. జనం లేరు, గదులు చవక, పార్కు టికెట్ గూడ తక్కువ. ఉక్కపోత మాత్రం మస్తుంటది. ముసలోళ్లతోని అంటే జులైయే నయం గావచ్చు, కనీ "వానకాలం పోవద్దు" అని ఎవరన్న రాస్తే నమ్మకుండ్రి.

బొగ్గుబావి_పెర్త్:

కొత్తగూడెంలో మైనింగ్ చదివి ఇక్కడ గనుల్లో పనిచేస్తున్నవాణ్ణి, కాబట్టి నా కన్ను వేరే చోట పడింది. జబిరు పక్కనే రేంజర్ యురేనియం గని. మ్యాపు చూస్తే చుట్టూ కకాడు, మధ్యలో కత్తిరించి తీసేసినట్టు గని లీజు. జబిరు ఊరు కట్టిందే ఆ గని కోసం. 1980ల మొదట్నుంచి నడిచి, 2021 జనవరిలో ఖనిజం శుద్ధి ఆపేశారు. ఇప్పుడు ఆ గుంతల్ని పూడ్చి, అడవి తిరిగి పెంచే పని జరుగుతోంది. మా వృత్తిలో తవ్వడం తేలిక, తిరిగి ఇవ్వడం కష్టం.

దాని పక్కనే జబిలుకా. అక్కడ కూడా తవ్వబోతే ఆ నేలకి హక్కుదారులైన మిరార్ వాళ్లు ఒప్పుకోలేదు. యివాన్ మార్గరూల అనే ఆవిడ ముందు నిలబడితే 1998లో దేశం నలుమూలల నుంచి వేలమంది వచ్చి దారికి అడ్డంగా కూర్చున్నారు. గని తెరుచుకోలేదు. 2024లో లీజు పొడిగించలేదు, ఆ నేలని కకాడులో కలుపుతామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ లీజు నేలలోనే మజెద్‌బెబె అనే రాతి చూరు ఉంది. అక్కడి తవ్వకాల్లో దొరికిన గొడ్డళ్లు, రంగు కోసం నూరే రాతి ముక్కలు 65,000 ఏళ్ల నాటివని 2017లో ప్రకటించారు. ఉబిర్ బొమ్మల్లో కీళ్లు వాచిన మనిషి ఒకడు ఉంటాడు, కొన్ని కొండల దగ్గర రాళ్లు కదిలిస్తే రోగం వస్తుందని హెచ్చరిక. యురేనియం గొడవ మనవాళ్లకేం కొత్త కాదు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్‌లో యురేనియం వెతుకుతామంటే చెంచులు వద్దన్నారు, తెలంగాణ అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది, గుర్తుండే ఉంటుంది. నాన్నగారు "ఈ ఊరు ఇక్కడెందుకుంది" అని అడిగితే ఇదీ జవాబు.

ఆకివీడు_అబ్బాయి:

అక్కా, కరీంనగర్ అన్నా, పెర్త్ అన్నా, అందరికీ చాలా థాంక్స్. పండుగప్ప సంగతి ఫోన్లో నాన్నగారికి చెప్పాను. మొదటి ప్రశ్న "అక్కడ పట్టనిస్తారా?" రెండోది, "వల తీసుకురానా?" నిజంగానే అడిగారు. అమ్మ అడిగింది, పిల్లలు ఈత కొట్టడానికి ఎక్కడైనా వీలుందా అని.

పాలకొల్లు_టు_డార్విన్:

వల వద్దని గట్టిగా చెప్పండి తమ్ముడూ. కకాడులో వల విసరడం నిషేధం, బతికున్న ఎర కూడా కుదరదు. గాలానికి కృత్రిమ ఎర కట్టి కొన్ని చోట్ల పట్టుకోవచ్చు, టెరిటరీలో దానికి లైసెన్సు అక్కర్లేదు. బారమండి 55 సెంటీమీటర్లు లేకపోతే వదిలెయ్యాలి. ఒడ్డున నిలబడి కాదు, మొసళ్ల మాట మర్చిపోకండి. పడవ తోలే గైడుతో పూటకి మాట్లాడుకోవడమే మంచిది, ఖర్చు బాగానే అవుతుంది. అది పుట్టినప్పుడు మగ, పెద్దయ్యాక ఆడగా మారుతుంది కాబట్టి పెద్ద చేప పడితే అది దాదాపు తల్లిచేపే, మాకు దొరికిన గైడు వాటిని ఫొటో తీయించి వదిలేయించాడు. నాన్నగారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఈతకి హోటలు కొలను ఒక్కటే. "ఇక్కడ మొసళ్లు లేవులే" అని ఎవరు చెప్పినా, నీళ్లు అద్దంలా ఉన్నా దిగకండి. దిగాలనే ఉంటే తిరుగుదారిలో ఒక రోజు మీ ఫ్రెండు చెప్పిన లిచ్‌ఫీల్డ్‌కి వెళ్లండి, అక్కడ దిగనిచ్చే గుంటలు ఉన్నాయి, గేటు దగ్గర బోర్డు చూసి. అతని మాటా నిలబెట్టినట్టు ఉంటుంది.

ఇంకోటి, పార్కు పాస్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. ఫోను సిగ్నలు జబిరు, కూయిండా దాటితే పెద్దగా ఉండదు, మ్యాపులు దించుకుని ఉంచండి. జబిరు వచ్చినప్పుడల్లా ట్యాంకు నింపేయండి.